అడగని మందు

మదార్బీ, మస్తాన్ వలీ అరబ్బు దేశంలోని దమ్మామ్‌లో ఒకే ఇంట్లో పనిచేసేవాళ్లు. రాయచోటి దగ్గరి పల్లె నుంచి ముందు మస్తాన్ వలీ డ్రైవరుగా వచ్చాడు. కొన్నేళ్లకు యజమాని ఫహద్ తన తల్లిని చూసుకోవడానికి నమ్మకమైన మనిషి కావాలంటే మస్తాన్ వలీ తన భార్య మదార్బీని పిలిపించుకున్నాడు. ప్రహరీ గోడకు ఆనుకుని వాళ్లకో గది ఇచ్చారు. మొగుడొక ఊళ్లో, పెళ్లామొక ఊళ్లో మగ్గిపోయే ఆ దేశంలో ఇద్దరూ ఒకే కప్పు కింద పడుకోగలగడం చాలామందికి అందని భాగ్యం. కూతురు అఫ్షాన్ కడపలో పెద్దమ్మ దగ్గర ఉండి ఇంటర్ చదువుతోంది.

ఫహద్ తల్లిని ఇంటిల్లిపాదీ మామా అనేవాళ్లు. అక్కడ మామా అంటే అమ్మ. మొదట్లో మదార్బీకి ఆ పిలుపు నోట్లోంచి వచ్చేది కాదు. "మామా అంటే నాకు మా మేనమామే గుర్తుకొస్తాడు" అని మొగుడితో నవ్వేది. మామాకు డెబ్బై దాటాయి. భారీ మనిషి, నవ్వితే మంచం కదిలేది. షుగరు వచ్చి ఎన్నో ఏళ్లయింది. కుడి అరికాల్లో మానని పుండు ఒకటి. వేలికి సూది గుచ్చి మిషన్‌లో రక్తం చూడటం, పెన్నులాంటి సిరంజితో పొట్ట మీద ఇన్సులిన్ ఇవ్వడం, షుగరు పడిపోయి చెమటలు పడితే వెంటనే జ్యూస్ తాగించడం, ఇవన్నీ మదార్బీ పనులే. వచ్చిన కొత్తలో ఒక నర్సు నేర్పి వెళ్లింది.

అందుకే మొగుడి సంగతి ఆమెకు ఇంకా ముందే తెలియాల్సింది.

మొదట దాహం. దమ్మామ్ ఎండలో నీళ్లు తాగనివాడెవడు? పట్టించుకోలేదు. తర్వాత ప్యాంటు నడుం మీద నిలవకుండా జారసాగింది. బెల్టుకు మేకుతో కొత్త చిల్లు పొడుచుకున్నాడు. బడికి తీసుకెళ్లేటప్పుడు దారిలో రెండుసార్లు మసీదు దగ్గర కారాపి బాత్రూముకి పోతున్నాడని ఫహద్ పిల్లలు ఇంట్లో చెప్పి నవ్వారు. ఆ మాట విన్నప్పుడు మదార్బీ చేతిలోని గిన్నె కడుగుతూ కడుగుతూ ఆగిపోయింది. మర్నాడు తమ గది బాత్రూము గడప దగ్గర చీమలు బారు కట్టి ఉండటం చూసింది. ఇక అనుమానం లేదు.

"అఫ్షాన్ నాయినా, ఒక్క చుక్క రక్తం ఇయ్యి. మామా మిషన్‌తో సూస్తా" అంది ఒక శుక్రవారం, అతను నమాజు నుంచి రాగానే.

"నాకేమొచ్చిందే? ఎండకి చిక్కిపోయినా."

"ఎండ పోయిన సంవత్సరం గూడా ఉండె గదా. అప్పుడు చిక్కలేదే?"

షుగరన్న మాటే అతను ఇంట్లో ఎత్తనిచ్చేవాడు కాదు. అతని అన్న ఖయ్యూమ్‌ను ఆ జబ్బే తినేసింది. ముందు బొటనవేలు తీసేశారు, తర్వాత మోకాలి కింద దాకా, తర్వాత రెండో కాలు. అన్నను చంటిపిల్లాడిలా చేతుల మీద ఎత్తుకుని బాత్రూముకి మోసినవాడు మస్తాన్ వలీ. పుండు కడిగినవాడూ అతనే. ఆ వాసన ఎన్నేళ్లయినా ముక్కులోంచి పోలేదని ఒకసారి చెప్పాడు.

చివరికి మొహం అటు తిప్పుకుని వేలు ఇచ్చాడు. మిషన్ కాసేపు ఆలోచించినట్టు ఆగి, అంకె చూపించకుండా రెండు ఇంగ్లీషు అక్షరాలు చూపించింది. మస్తాన్ వలీ వంగి చదివాడు.

"హాయ్ అంటాంది. పలకరిస్తాంది నన్ను" అని నవ్వబోయాడు.

మదార్బీకి నవ్వు రాలేదు. మామాకు ఒకసారి అలాగే వస్తే ఆస్పత్రికి పరుగెత్తారు. తన లెక్కకు అందనంత షుగరుంటే మిషన్ ఆ అక్షరాలే చూపిస్తుందని అప్పుడు నర్సు చెప్పింది. ఆ సంగతి చెప్పేసరికి అతని మొహం పాలిపోయింది.

"ఆ మిషను ముసిలామె రక్తానికి అలవాటు పడింది. నా రక్తం దానికేం తెలుస్తాది?" అన్నాడు. తనే నమ్మని మాట అది.

ఆ రోజు నుంచి అన్నంలో సగం తీసేశాడు. చాయ్‌లో చక్కెర మానేశాడు. బంగ్లాదేశీ కొట్లో కాకరకాయలు కొని రసం తీసి కళ్లు మూసుకుని మింగాడు. మెంతులు నానబెట్టుకున్నాడు. పొద్దున లేవగానే మంచం అంచున కూర్చుని ఒక్కో కాలి వేలినీ నొక్కి చూసుకోవడం మదార్బీ గమనించేది. స్పర్శ ఉందా లేదా అని. ఆమె చూస్తోందని తెలిస్తే గోరు గిల్లుకుంటున్నట్టు నటించేవాడు. షుగరు కొంచెం దిగింది. ఇప్పుడు మిషన్ అంకె చూపిస్తోంది గానీ ఆ అంకె నాలుగు వందల కిందికి రావడం లేదు.

తర్వాత కళ్లు. ముందు పోయే కారు నంబరు మసకగా ఉందన్నాడు. తెలిసిన దారిలోనే రెండుసార్లు మలుపు దాటిపోయాడు.

"ఇంగ దాచలేం. బాబాకి చెప్తాం" అంది మదార్బీ. బాబా అంటే ఫహద్, వాళ్ల కఫీలు, వీసా ఇచ్చిన యజమాని.

"చెప్తే ఏమైతాది? కండ్లు సరిగ్గా లేని డ్రైవర్ను యా కఫీలన్నా పెట్టుకుంటాడా? నన్ను ఎగ్జిట్ కొట్టి తోలేస్తాడు. నిన్ను మామా ఇడ్సదు. నువ్వు ఈడ, నేను ఆడ. ఒక్కన్నే మంచంలో పడి మా అన్న మాదిరి కుళ్లాల్నా?"

"బాబా ఇచ్చిన ఇన్సూరెన్సు కార్డు ఉండాది గదా, ఆస్పత్రికన్నా పోదాం."

"ఆ కార్డు గీకితే కాయితం బాబా ఫోనుకే పోతాది మ్మే. అది తెలీదా నీకు?"

ఆమెకు తెలుసు. ఆ తర్వాత ఆమె ఆస్పత్రి మాట ఎత్తలేదు. మామా ఫ్రిజ్జు తలుపులో వరసగా పెట్టి ఉన్న ఇన్సులిన్ పెన్నుల వంక మాత్రం చూసింది. ఆ ఇంట్లో వాటి లెక్క చూసేది మదార్బీ ఒక్కతే. అయిపోతున్నాయని ఆమె చెబితే ఫహద్ తెప్పించేవాడు, అంతే.

మొదటి రోజు ఒక పెన్ను కొంగులో దాచుకుని గదికి తెచ్చింది. మామా నమ్మకంగా పొట్ట చూపించే మనిషి. ఆమె మందు ఆమెకు చెప్పకుండా తీయడం ఎంత పాపమో మదార్బీకి తెలుసు. సూది కొత్తది పెట్టింది. పెన్ను మీది అంకెను మామా కొలతలో సగానికి తక్కువకే తిప్పింది. అతను పొద్దున రొట్టె తిన్నాక వేసింది. వారం తిరిగేసరికి దాహం తగ్గింది. రెండు వారాలకు మొహంలో కళ వచ్చింది. చూపు పూర్తిగా తేటపడలేదు కానీ కారు నంబర్లు చదవగలుగుతున్నానన్నాడు. ఒక రోజు పాట కూనిరాగం తీస్తూ కారు కడుగుతుంటే మదార్బీ కిటికీలోంచి చూసి ఏడ్చింది. దేవుడు క్షమించాడనుకుంది.

అంతలో రంజాన్ వచ్చింది.

"ఈ సారి ఉపవాసం వద్దు. జబ్బు మనిషికి మాఫీ ఉండాది. మామా గూడా ఉండదు గదా" అంది.

"మామా జబ్బు అందురికీ తెల్సు. నా జబ్బు ఎవురికి తెల్సు? పగలు తింటా ఉంటే బాబా అడగడా ఎందుకని?"

దాచినందుకు మందు దొంగతనం చేయాల్సి వచ్చింది, ఇప్పుడు దాచడం కోసం పస్తుండాల్సి వస్తోంది. తెల్లవారకముందు సహరీ తిన్నాక ఇన్సులిన్ వేయడం మొదలుపెట్టింది. సాయంత్రం ఉపవాసం విడిచే ఇఫ్తార్‌లో ఖర్జూరం, సమోసాలు, షర్బత్ చేరేసరికి షుగరు మళ్లీ ఎగబాకింది. అది చూసి భయపడి మందు కొంచెం పెంచింది. సాయంత్రం పెరిగినదాన్ని తెల్లవారి పెంచిన మందుతో దించబోతే, మధ్యలో ఉన్న పగలంతా ఖాళీ కడుపన్న సంగతి ఆమె తలకు తట్టలేదు. ఆ మందు సంగతి చెప్పగలిగినవాళ్లెవరినీ ఆమె అడగలేదు. అడిగితే దొంగతనం బయటపడుతుంది.

మామా కాలి పుండుకు కట్టు మార్పించే రోజది. మధ్యాహ్నం నమాజు అయ్యాక బయల్దేరారు. వెనక సీట్లో మామా, పక్కన మదార్బీ. మామా ఎప్పుడూ సీటు బెల్టు పెట్టుకోదు, పొట్ట నొక్కేస్తుందని. పెద్ద రోడ్డెక్కాక కారు వేగం తగ్గింది. వెనకవాళ్లు హారన్ కొడుతున్నారు. ఆస్పత్రి మలుపు రానే వచ్చింది, కారు నేరుగా పోయింది.

"మలుపు దాటితివే?" అంది మదార్బీ.

అతను పలకలేదు. అద్దంలో అతని మొహం చూసింది. ఏసీ చల్లగా వీస్తున్నా చెమట ధారగా కారుతోంది. పెదాల మీద అర్థం లేని చిన్న నవ్వు. ఆ చెమట ఆమెకు తెలుసు. మామా మొహం మీద ఎన్నిసార్లు తుడిచిందో.

"ఆపు! బండి పక్కకి ఆపు! అఫ్షాన్ నాయినా!"

కాలు బ్రేకు మీద పడాల్సింది యాక్సిలరేటర్ మీద పడింది. కారు ఫుట్‌పాత్ ఎక్కి దీపస్తంభానికి గుద్దుకుంది.

మదార్బీకి పెదవి చిట్లింది. మామా ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య కింద పడి ఉంది, ఒక కాలు మెలిక తిరిగి. ముందు మస్తాన్ వలీ స్టీరింగ్ మీద వాలిపోయి ఉన్నాడు, నుదుట రక్తం. మదార్బీ మామా మీదకు వంగింది. మామా నొప్పితో పళ్లు బిగించి, డ్రైవరు మెడ మీద కారుతున్న చెమట వంక చూసింది.

"సుక్కర్ నాజిల్" అంది. షుగరు పడిపోయింది అని. తన చేతిసంచీ ముందుకు తోసింది. అందులో ఎప్పుడూ తేనె పొట్లాలుంటాయి.

మదార్బీ ముందుకు దూరి తేనె వేలితో తీసి అతని బుగ్గ లోపల రుద్దింది, మళ్లీ మళ్లీ. వెనక మామా మూలుగుతోంది. ఎవరి దగ్గర ఉండాలో తెలియక రెండు సీట్ల మధ్య మోకాళ్ల మీద కూర్చుని ఒక చేత్తో మామా చెయ్యి పట్టుకుంది. అంబులెన్స్ వచ్చేదాకా అలాగే ఉంది.

ఆస్పత్రిలో గ్లూకోజు ఎక్కిస్తే మస్తాన్ వలీ కళ్లు తెరిచాడు. కాసేపటికే షుగరు మళ్లీ పడిపోయింది. పాకిస్తానీ డాక్టరొకడు బయటికొచ్చి ఉర్దూలో అడిగాడు.

"ఇతనికి షుగరు ఉన్నట్టు మా దగ్గర ఎక్కడా లేదు. ఏం మందు వాడుతున్నాడు? అదేంటో తెలియకపోతే ఎంతసేపు కాపు కాయాలో మాకు తెలియదు. ఈసారి లేవకపోవచ్చు."

పక్కనే ఫహద్ నిలబడి ఉన్నాడు. తల్లి తుంటి ఎముక విరిగిందని అప్పుడే విని వచ్చాడు. అతనికి ఉర్దూ అర్థమవుతుంది. మదార్బీ ఒకసారి అతని వంక చూసి, తల దించుకుని చెప్పింది. ఏ మందో, ఎంత వేసిందో, ఎప్పటినుంచో, ఎక్కడిదో.

డాక్టరు లోపలికి పరుగెత్తాడు. ఫహద్ గోడ పక్క కుర్చీలో కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

మస్తాన్ వలీ బతికాడు. కానీ పరీక్షలన్నీ చేశాక, షుగరు ఈ మధ్య వచ్చింది కాదని, చాలా ఏళ్లుగా లోపల తింటూనే ఉందని చెప్పారు. కుడి కన్ను లోపల రక్తం చిమ్మింది, ఆ చూపు తిరిగి రాదన్నారు. ఎడమ కన్ను మీద కూడా పెద్దగా ఆశ పెట్టుకోవద్దన్నారు.

మామాకు తుంటి ఆపరేషన్ చేశారు. కుట్లు మానలేదు. ఎవరు తినిపించినా నోరు తెరవక "మదార్ ఏది?" అని అడుగుతోందట. మదార్బీని దగ్గరికి రానివ్వొద్దని మామా కూతురు పట్టుబట్టింది. ఫహదే వచ్చి మదార్బీని ఆ వార్డుకు తీసుకెళ్లాడు. మదార్బీ గంజి తినిపించింది, ఒళ్లు తుడిచింది, జుట్టు దువ్వింది. ఇన్సులిన్ మాత్రం నర్సు వచ్చి వేసేది, ఆ సమయంలో మదార్బీని బయట నిలబెట్టేవాళ్లు. మామాకు అసలు సంగతి చెప్పారో లేదో ఆమెకు తెలియదు. ఒకసారి తనే చెప్పబోతే మామా చెయ్యి ఎత్తి వద్దన్నట్టు ఊపింది. తెలిసి వద్దందో, నొప్పికి వద్దందో. పండగ దాటిన వారంలో మామా పోయింది. కుట్లలో చీము పట్టి, ఆ విషం ఒళ్లంతా పాకిందన్నారు.

కడసారి స్నానం చేయించడానికి ఇంటి ఆడవాళ్లంతా వెళ్లారు. మదార్బీని పిలవలేదు. వంటింట్లో కూర్చుని ఆమె తనకు తెలిసిన దువా చదువుకుంది.

కేసు వద్దని ఫహద్ రాసిచ్చాడు. ఇద్దరికీ ఎగ్జిట్ కొట్టించాడు. తనే కారులో విమానాశ్రయానికి తీసుకెళ్లాడు. దింపే ముందు వెనక్కి తిరగకుండా అడిగాడు.

"ఎందుకు అడగలేదు నన్ను?"

"పంపించేస్తారని భయం బాబా" అంది మదార్బీ తనకొచ్చిన అరబ్బీలో.

"పంపించేసేవాణ్ణే. అబద్ధం చెప్పను" అన్నాడు ఫహద్. "కానీ మా అమ్మ ఇంట్లో ఉండేది."

ఇప్పుడు వాళ్లు కడపలో రెండు గదుల ఇంట్లో ఉంటున్నారు. మదార్బీ ఒక హాస్టల్లో వంట చేస్తుంది. మస్తాన్ వలీకి పగలు వెలుతురూ మనుషుల నీడలూ తెలుస్తాయి, మొహాలు తెలియవు. ఊరివాళ్లు వచ్చి ఎందుకొచ్చేశారని అడిగితే కండ్లు పోయినాయంటాడు. మామా సంగతి చెప్పడు. అఫ్షాన్‌కు కూడా చెప్పలేదు.

ఒక పొద్దున మదార్బీ అతని ముందు అన్నం పళ్లెం పెట్టి కూర్చుంది. అతను ముద్ద కలిపి ఆపేశాడు.

"నేను పోయి ముసిలామె బతికింటే సరిపోతాండె గదా మ్మే?"

మదార్బీ పళ్లెం అతని చేతికి దగ్గరగా జరిపింది. అవునని అనలేదు, కాదనీ అనలేదు.

"అన్నం తిను. నేను పనికి పోవాల" అంది.