హన్నా రాయి కింద

రంగూన్‌లో కాలవ అవతల తాకేటాలో ఉండే వెంకమ్మ అన్న మాట ఇది. ఆమె సుధామణితో అంటే, సుధామణి మా అందరి చెవినా వేసింది. యూదుల శ్మశానంలో కాపలా ఉండే సింహాచలమ్మకి దొరసాని దెయ్యం పట్టిందట. ఆరొందల సమాధులు తుప్పల్లో మునిగిపోయి ఉంటే, ఒక్కదాన్ని మాత్రం రోజూ కడిగి, పువ్వులు పెట్టి, అమావాస్యనాడు చుట్ట కూడా ముట్టించి పెడుతోందట. "దొరసానికి చుట్టెందుకే?" అని వెంకమ్మ అడిగితే, "ఏటి, దొరసాన్లకి పొగ మీద మనసుండదేటి?" అని ఎదురడిగిందట. దెయ్యమూ కాదు పాడూ కాదు, దాని కింద నగలు దొరికుంటాయని వెంకమ్మ అనుమానం.

నగల్లేవు. దెయ్యం లేదు. అక్కడున్నది లింగరాజు, సింహాచలమ్మ మొగుడు.

కరోనా రెండో ఏడు వానాకాలంలో రంగూన్‌లో ఊపిరి అరువుకి కూడా పుట్టలేదు. బతికున్నవాళ్ళు ఆక్సిజన్ సిలిండర్ కోసం వరసలో నిలబడితే, పోయినవాళ్ళు కాలడానికి వరసలో పడుకున్నారు. లింగరాజు మూడోరోజు పోయాడు. శవాల లారీ నాలుగు రోజుల తరవాత గానీ రాదన్నారు. సింహాచలమ్మ అంతదాకా చూడలేదు. వాళ్ళ కులంలో మట్టి చెయ్యడమే ఆనవాయితీ, పార ఇంట్లోనే ఉంది, మావగారి కాలం నుంచీ గోతులు తవ్విన కొంప. వానలో పట్టపగలే శ్మశానం ప్రహరీ పక్కన తవ్వింది. నీలం తార్పాలిన్‌లో చుట్టి, తాళ్ళతో దింపి, తనే కప్పెట్టింది.

వారం తిరక్కుండా వార్డు ఆఫీసు మనుషులు చెప్పకుండా పూడ్చిన శవాలు వెతుక్కుంటూ బయల్దేరారని తెలిసింది. కొత్త మట్టి కనిపిస్తే తవ్వి తీసేస్తున్నారు. శవాలు కడిగే గది వెనకాల, ఎప్పటి తుపానుకో చెట్లు పడి ఊడిన సమాధి రాళ్ళు గుట్టగా పడున్నాయి. అందులో చిన్నదీ, పువ్వు చెక్కిందీ ఒకటి ఈడ్చుకొచ్చి మట్టి మీద పాతింది. దాని మీదేం రాసుందో ఆవిడకి తెలీదు. రాయుంటే పాత సమాధి, రాయి లేకపోతే కొత్తది. ఆఫీసువాళ్ళ తెలివి అంతవరకేనని మాత్రం తెలుసు. వాళ్ళు వచ్చారు, చూశారు, పోయారు.

నాలుగేళ్ళు గడిచాక శ్మశానానికే నోటీసు వచ్చింది. స్థలం పట్టణానికి కావాలి, ఎముకలు ఊరి బయటికి తీసుకుపొమ్మన్నారు. చూసుకునే యూదుడు ఒక్కడే, పబేడాన్‌లో ఉండే ఊ ఎజికేల్. ఊ అంటే బర్మా మాటలో గారు, ఆడవాళ్ళకైతే డా. డెబ్భై ఎనిమిదేళ్ళు, రెండు కళ్ళకీ పొర. ఆయన దగ్గర ఊరికే ఇంగ్లీషు నేర్చుకుని, లమ్మడాలో ఒక కంపెనీలో ఉత్తరాలు రాసే పనిలో కుదిరిన మన తెలుగు బాప్టిస్టుల పిల్ల సోఫియా పూనుకుంది. రంగూన్ విడిచిపోయిన యూదుల పిల్లలు, మనవలు ఏ దేశంలో ఉన్నా కదలాలని ఉత్తరం రాసింది. "ఇవాళో రేపో మీ పెద్దల ఎముకల మీద బుల్డోజర్ తిరుగుతుంది" అన్న మాట పైన పెద్దక్షరాల్లో పెట్టింది. మెత్తగా రాస్తే ఎవడూ చదవడు మరి. కింద ఒక ఫొటో కావాలి. తుప్పలన్నీ తిరిగితే, కడిగి పువ్వులు పెట్టిన సమాధి ఒక్కటే కనిపించింది. రాయి మీద పేరు హన్నా, వయసు పందొమ్మిది. చుట్ట ముక్క పక్కకి తోసి ఫొటో తీసింది.

ఆ ఫొటో ఊళ్ళు తిరిగింది. రెండు నెలలకి సిడ్నీ నుంచి మిరియం అనే ఆవిడ రాసింది. హన్నా ఆవిడకి అమ్మమ్మ. కాన్పులో పోతే, బిడ్డని ఎవరో ఎత్తుకుని జపాన్ బాంబులప్పుడు ఇండియా దాకా నడిచారు. ఆ బిడ్డే మిరియం తల్లి. మిరియం ఊరుకునే మనిషి కాదు. వేల సంతకాలు పోగుచేసింది, రాయబారుల చేత ఉత్తరాలు రాయించింది. వార్డు ఆఫీసు నోటీసుని పక్కన పెట్టింది. పాత ప్రహరీ తీసి కొత్తది కట్టడానికి ఒక సంఘం ముందుకొచ్చింది.

సోఫియా సింహాచలమ్మ దగ్గరికి పరుగున వచ్చి చెప్పింది.

"మామ్మా, మిరియం వస్తున్నారు. వాళ్ళ అమ్మమ్మని జెరూసలేం తీసుకెళ్ళి, అక్కడున్న వాళ్ళమ్మ సమాధి పక్కన పెడతారట. నువ్వు కడిగిన సమాధే మామ్మా. నీకు దణ్ణం పెట్టాలంటున్నారు."

"తీసుకెళ్ళడమేటి?"

"తవ్వి, ఎముకలు పెట్టెలో పెట్టి."

సింహాచలమ్మ అడ్డపొగ చుట్ట నోట్లోంచి తీసి ఆర్పేసింది. సాయంత్రం బస్సెక్కి పబేడాన్ పోయి ఊ ఎజికేల్‌కి ఉన్నదంతా చెప్పేసింది. ఆయన బర్మాలో మాట్లాడతాడు, ఈవిడ తెలుగులో. నలభై ఏళ్ళుగా వాళ్ళ మాటలు అలాగే సాగుతున్నాయి.

ఆయన అన్నాడు: "డా సింహా, ఆరొందల మంది ఉన్నారక్కడ. మా అమ్మా నాన్నా ఉన్నారు. ఎముకలకి పేరుంటుందా? పోనియ్యి. లింగరాజు విమానం ఎక్కుతాడు."

"బతికుండగా తాకేటా బస్సెక్కితేనే కక్కుకున్నాడు బాబూ. సచ్చినాక ఇమానమేటి? అయినా ఎనబై ఏళ్ళ కింద సచ్చిన మీ దొరసాని నీలం తార్పాలిన్‌లో ఎలా ఉన్నాదని అడిగితే ఏటి సెప్తారు?"

అది ఆయనకి అంతవరకూ తట్టలేదు. సమాధి కదపడం మా ధర్మానికి ఒప్పదని రాయిస్తాను, నువ్వు నోరు మెదపకు అన్నాడు. రాయించాడు కూడా. సోఫియాకి కారణం చెప్పలేదు.

మిరియం జవాబు మర్నాడే వచ్చింది. వాళ్ళ గురువుని అడిగిందట. ఊరికే కదపకూడదు గానీ, సమాధికి ముప్పుంటే తీసి పవిత్రభూమికి తీసుకెళ్ళచ్చన్నాడట. ముప్పుందనడానికి సోఫియా రాసిన ఉత్తరమే ఆయనకి చూపించిందట. బుల్డోజర్ అన్న మాట కింద గీత గీసి మరీ.

మిరియం వచ్చిన రోజు ఎండ మండిపోతోంది. అరవై ఏళ్ళుంటాయి, కాళ్ళకి కాన్వాస్ బూట్లు. వస్తూనే సింహాచలమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. సింహాచలమ్మ చేతులు వెనక్కి తీసుకోలేదు. ఊ ఎజికేల్ తెల్లటోపీ పెట్టుకుని పుస్తకం చూడకుండానే ప్రార్థన చదివాడు, ఎలాగూ కళ్ళు ఆనవు. ఇద్దరు కూలీలు రాయి పెకలించి పక్కన పడుకోబెట్టారు. మొదటి పార మట్టిలో దిగింది. రెండోది దిగేలోపు సింహాచలమ్మ వెళ్ళి ఆ మట్టి మీద చతికిలబడింది.

"లే మామ్మా, వాళ్ళకి టైమవుతోంది," అంది సోఫియా.

"నాను లెగను. ఇక్కడున్నది ఈవిడ అమ్మమ్మ కాదు. నా మొగుడు."

"మామ్మా, ఏటంటున్నావు?"

"ఇనబళ్ళేదేటి? కరోనాలో పోనాడు కదా మీ లింగరాజు తాత, ఆడే. శవాల లారీ రాక నానే కప్పెట్టినాను. ఆఫీసోళ్ళకి బయపడి ఈ రాయి తెచ్చి ఎట్టినాను. సెప్పు ఆవిడకి, ఉన్నదున్నట్టు సెప్పు."

సోఫియా చెప్పింది. మిరియం ముందు రాయికేసి చూసింది, తరవాత ఊ ఎజికేల్ కేసి.

"మీకు తెలుసా?" అంది ఇంగ్లీషులో.

ఆయన టోపీ తీసి చేత్తో నలిపాడు. అంతే, ఆవిడకి తెలిసిపోయింది. ఫోన్ తీసి ఎవరికో ఏదో రాయబోయి, మళ్ళీ సంచిలో పడేసింది. కూలీలు పార కిందపెట్టి నీడలోకి జరిగారు.

"సింహా, ఆరొందల మందిని మళ్ళీ చంపావు," అన్నాడు ఊ ఎజికేల్ బర్మాలో. "ఇంక మనల్నెవరు నమ్ముతారు?"

మిరియం సింహాచలమ్మ ముందు ఎండలోనే మోకాళ్ళ మీద కూర్చుంది. నెమ్మదిగానే అడిగింది, సోఫియా తెలుగు చేసింది:

"అయితే మా అమ్మమ్మ ఎక్కడుంది అంటున్నారు."

"నాకు రాయే దొరికినాది తల్లీ, మనిషెక్కడో నాకేటి తెలుసు? ఈ గోతులు తవ్విన మా మావ బతికున్నన్నాళ్ళు ప్రతి గొయ్యీ ఎవరిదో ఆడి నోట్లో ఉండేది, అప్పుడు మీలో ఒక్కరైనా వచ్చి అడిగినారా?"