జిగురు హెడ్డు పారిపోయిన రోజు

దొంగలు ఆయనకు పెట్టిన పేరు జిగురు హెడ్డు. తోటి పోలీసులూ అదే పేరు వాడేవారు, కాకపోతే ఆయన లేనప్పుడు. పారిపోయినవాళ్లను పట్టుకోవడం హెడ్ కానిస్టేబులుగా ఆయన పని, పట్టుకుంటే వదిలేవాడు కాదు. ఆ పనిలోనే తల నెరిసింది, పొట్ట పెరిగింది, కుడి మోకాలు అరిగింది. మరీ పరిగెత్తేవారా అని డాక్టరు అడిగితే, "లేదండీ, నిలబడి నిలబడి" అన్నాడు.

అది నిజమే. పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్న సామెతను డ్యూటీలో అక్షరాలా పాటించినవాడు ఆయనొక్కడే. కుర్ర కానిస్టేబుళ్లు గోడలు దూకి కాళ్లు బెణికించుకుంటుంటే, ఆయన తాపీగా బస్టాండుకు వెళ్లి, మంచినీళ్ల కుళాయి పక్కనున్న స్తంభానికి ఆనుకునేవాడు. పారిపోయేవాడికి దాహం వేస్తుంది. దాహం వేసినవాడు కుళాయి దగ్గర వంగుతాడు. వంగినవాడి మణికట్టు పట్టుకోవడానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. పక్కనే బెంచీ ఉన్నా కూర్చునేవాడు కాదు. కూర్చున్నవాడు లేచేలోపు దొంగ బస్సెక్కేస్తాడని ఆయన లెక్క.

కాలరు మాత్రం పట్టుకోకూడదనేవాడు. కొత్తల్లో ఒకడి కాలరు పట్టుకుంటే మనిషి పోయి చొక్కా చేతిలో మిగిలింది. ఆ చొక్కా చాలాకాలం స్టేషన్లో బల్లలు తుడవడానికి పనికొచ్చింది.

ఈ సంగతులన్నీ ఆయన భోజనాల దగ్గర భార్యకు చెప్పేవాడు. "పారిపోయేవాడు కొత్త చోటికి పోడే. తన పనితనం చెల్లే చోటికే పోతాడు. మంగలివాడు పారిపోతే ఇంకో ఊళ్లో మంగలి షాపులోనే దొరికాడు. లారీ డ్రైవరు లారీల అడ్డాలోనే దొరికాడు." ఆవిడ "ఊఁ" అంటూ వడ్డించేది. ఆవిడ వింటోందో, ఊరికే ఊ కొడుతోందో ఆయన ఎప్పుడూ పట్టించుకోలేదు. ఎవరో ఒకరు ఊ కొడితే చాలు ఆయనకు.

ఇప్పుడు మోకాలు మార్చకపోతే ఏడాది తిరిగేసరికి నడక ఉండదని డాక్టరు తేల్చేశాడు. "దానికేం, మార్చేయండి. భయమెందుకు?" అన్నాడు జిగురు హెడ్డు. అదే మాట నర్సుకు చెప్పాడు, పక్క మంచం ఆయనకు చెప్పాడు, ఊడ్చేవాడికి కూడా చెప్పాడు.

ఆపరేషన్ రోజు పొద్దున నర్సు వచ్చి, పని అయ్యేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదంది. తర్వాత మత్తు ఇచ్చే డాక్టరు వచ్చి, కాసేపట్లో హాయిగా నిద్రపోతారని చెప్పి వెళ్లాడు. ఆ "హాయిగా" అన్న మాట దగ్గరే వ్యవహారం చెడింది. భార్య మందుల కోసం కిందికి వెళ్లింది. ఆయన లేచి, ఆస్పత్రి గౌను విప్పి, తన ప్యాంటూ చొక్కా తొడుక్కుని, "బాత్రూమ్‌కి వెళ్లొస్తా" అన్నాడు నర్సుతో. పారిపోయేవాళ్లంతా చెప్పే మాటే అది. ఆ మాట నమ్మి మోసపోయిన కానిస్టేబుళ్లను ఆయన ఎన్నిసార్లు చీవాట్లు పెట్టాడో. చెప్పులు మంచం కిందే మర్చిపోయి, బట్టలుతికే గది వెనక తలుపులోంచి బయటపడ్డాడు.

కాళ్లకు బుద్ధి చెబుదామంటే మోకాలు వినలేదు. కుంటుకుంటూ పోయి కనిపించిన బస్సెక్కాడు. ఎక్కడికని కండక్టరు అడిగితే, "ఆఖరిదాకా" అన్నాడు. ఆ బస్సు ఊళ్లో ఉన్న సందులన్నీ తిరిగింది. నాలుక పిడచ కట్టుకుపోతోంది. తప్పు చేశారు కాబట్టే వాళ్లంతా పరిగెత్తారని ఇన్నాళ్లూ అనుకున్నాడు ఆయన. ఇప్పుడు తను ఏ తప్పూ చెయ్యలేదు. భయమేసింది, అంతే. వాళ్లలో ఒక్కడినైనా భయమేసిందా అని అడగలేదే అనుకుంటే సిగ్గేసింది.

ఆఖరి స్టాపు బస్టాండు. దిగాక ఆయన ఆలోచించిందేమీ లేదు. కాళ్లే తీసుకెళ్లాయి. కుళాయి తిప్పి, వంగి, దోసిలి పట్టాడు.

"అవి తాగితే ఇవాళ ఆపరేషన్ చెయ్యరు."

బెంచీ మీద భార్య కూర్చుని ఉంది. ఒళ్లో మందుల సంచి, కాళ్ల దగ్గర ఆయన చెప్పులు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని ఆయన దొంగలకు చెప్పేవాడు. తన ఇంట్లోనే ఉంటుందనుకోలేదు.

"ఎలా వచ్చావు?"

"ఆటోలో. మీ బస్సు తిరిగొచ్చేసరికి ఇక్కడో కునుకు కూడా తీశాను."

"అది కాదు. ఇక్కడికే వస్తానని ఎలా తెలుసు?"

"మీ పనితనం ఇంకెక్కడ చెల్లుతుందండీ?"

కుళాయి ధారగా కారుతోంది. ఒక్క గుక్క చాలు, ఇవాళ్టికి బయటపడతాడు. ఆవిడ లేవలేదు, చెయ్యి చాచలేదు.

"పట్టుకోవేం?" అన్నాడు.

"నేను పోలీసునా?"

ఆయన దోసిలి నిండి పొర్లిపోతోంది.

"భయమేసిందే" అన్నాడు.

"తెలుసు. నిన్నట్నుంచి భయం లేదని కనపడ్డవాళ్లందరికీ చెబుతున్నారుగా. అడక్కుండా చెప్పేది అబద్ధమని మీరేగా అనేవారు."

"మత్తులోంచి లేవకపోతేనో?"

 ఆవిడ ఆయన చెప్పులు కాలితో కొంచెం ముందుకు జరిపింది.

ఆయన దోసిలి వదిలేసి, కుళాయి కట్టేసి, ఇన్నేళ్లలో మొదటిసారి ఆ బెంచీ మీద కూర్చున్నాడు. చెప్పులు తొడుక్కున్నాడు. అలవాటు ప్రకారం, తను పట్టుకున్నవాళ్లు చాచినట్టే, మణికట్టు ముందుకు చాచాడు.

ఆవిడ దాన్ని పట్టుకోలేదు. తన చెయ్యే ఆయన ముందుకు చాపింది. వేళ్లు వణుకుతున్నాయి.

"మీరే పట్టుకోండి. మీరు మంచం మీద లేరని నర్సు చెప్పినప్పట్నుంచీ ఇది ఆగట్లేదు."

ఆయన పట్టుకున్నాడు. ఆటో ఎక్కి ఆస్పత్రి చేరేదాకా వదల్లేదు.