చేయించండి

ఫిజియోథెరపీ అమ్మాయి అన్న మాటకి టైలరు భార్యకి ఒళ్ళు మండిపోయింది. మండదా మరి? మొగుడికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయిన దగ్గర్నుంచి ఆవిడ నడుం వాల్చిన పాపాన పోలేదు. స్నానం చేయించేది ఆవిడే, బొత్తాలు పెట్టేది ఆవిడే, నోట్లో ముద్ద పెట్టేది ఆవిడే. రోజూ వ్యాయామం చేయించండమ్మా అని ఆ అమ్మాయి మొదట్లోనే చెప్పి వెళ్ళింది. ఈవిడ ఒక్క పూటైనా మానలేదు. ఆయన కుర్చీలో దర్జాగా చేరగిలబడి టీవీ చూస్తుంటే, ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని తనే మడిచేది, తనే చాచేది, వేళ్ళు తనే తెరిచి తనే మూసేది. చెమటలు కక్కేది ఈవిడ, ఆవలించేది ఆయన.

ఇవాళ ఆ అమ్మాయి వచ్చి, ఆయన చెయ్యి చూసి మొహం చిట్లించింది. ఎలా చేయిస్తున్నారో చూపించమంది. ఈవిడ గర్వంగా చూపించింది. అమ్మాయి ఆయన్ని వదిలేసి ఈవిడ జబ్బ నొక్కి చూసింది.

"మీ చెయ్యి బాగా గట్టిపడిందమ్మా. పడిపోయింది మీది కాదు కదా."

మనం కదిపితే కీళ్ళు బిగుసుకుపోకుండా ఉంటాయని, అంతకు మించి ఒరిగేదేమీ లేదని చెప్పింది. పోయిన పట్టు రావాలంటే ఆయనంతట ఆయనే తంటాలు పడాలట. ఇలాగే సాగితే కత్తెర మాట మర్చిపొమ్మంది. కత్తెర మర్చిపోతే కొట్టు మూసుకోవడమే. కటింగ్ బల్ల తనకిచ్చెయ్యమని మరిది అప్పుడే రెండుసార్లు వచ్చి కదిపి చూసి వెళ్ళాడు.

అమ్మాయి వెళ్ళిపోయాక ఈవిడ వంటింట్లో గిన్నెల మీద చూపించింది తన కోపం. చేయించండి అంటే ఏమిటో ఆ మహాతల్లి ముందే విడమరిచి చెప్పి చావొచ్చుగా! తన బుర్ర ఏ గంగలో కలిసింది? అన్నిటికన్నా ఆ మనిషి మీద కడుపు రగిలిపోయింది. ఒక్కనాడైనా, ఉండవే, నేను ప్రయత్నిస్తానని అన్నాడా?

సూపు గిన్నె తెచ్చి ఆయన ముందు ఠక్కున పెట్టింది. చెంచా కుడి చేతి పక్కన పడేసి కూర్చుంది. ఆయన అలవాటుగా నోరు తెరిచాడు. ఈవిడ కదల్లేదు. ఎడమ చెయ్యి చాచబోయాడు. దాన్ని పట్టుకుని కుర్చీ చేతికి అదిమింది.

"చేతకానివాణ్ణని ఆడుకుంటున్నావా?" అన్నాడు పళ్ళు నూరుతూ.

"ఇన్నాళ్ళూ ఆడుకున్నది మీరు. తినండి."

ఆయన మొహం కందగడ్డలా అయింది. గింజుకున్నాడు, నానా మాటలూ అన్నాడు, ఈవిడ పుట్టింటివాళ్ళని కూడా వదల్లేదు. ఈవిడ పట్టు సడలించలేదు. చెంచా గాల్లోకి లేచి, గోడకి కొట్టుకుని, ఖణేల్మని కింద పడింది.

ఇద్దరూ చెంచా వంక చూశారు. ఆయన ఎడమ చెయ్యి ఇంకా ఈవిడ గుప్పిట్లోనే ఉంది.

ఈవిడ లేచి వెళ్ళి చెంచా తీసింది. కోపం ఇంకా దిగలేదు, కళ్ళల్లో నీళ్ళు మాత్రం తిరిగాయి. దాన్ని తెచ్చి మళ్ళీ ఆయన కుడి చేతి పక్కనే పెట్టింది.

"ఇంకోసారి విసరండి," అంది.