పైపూత

దూదిని నిమ్మనూనెలో ముంచి ఆవిడ కొవ్వొత్తి నెత్తిన రుద్దుతోంది. ఒకటి రుద్దడం, బుట్టలో పెట్టడం, ఇంకోటి అందుకోవడం. పొయ్యి మీద వేడినీళ్ళ గిన్నెలో మైనం డబ్బా సన్నగా ఊగుతోంది. ఆవిడ వేళ్ళ సందుల్లో మైనం తెల్లగా పేరుకుపోయింది, గోళ్ళ చుట్టూ చర్మం పొలుసులు లేచింది. వీధిలో అందరికీ ఆవిడ కొవ్వొత్తులావిడ.

వాసన పట్టించే అసలు పద్ధతి తెలియక కాదు. మైనం కరిగాక దించి కాస్త చల్లారనివ్వాలి. అప్పుడు నూనె పోసి అడుగునుంచి ఓపిగ్గా కలపాలి. సలసలలాడే మైనంలో పోస్తే వాసనంతా వంటింటికే దక్కుతుంది. మొదట్లో అలాగే చేసేది. బేరాలు పెరిగాక ఓపిక తగ్గింది, నూనె ధారాళంగా పొయ్యడానికి చెయ్యీ రాలేదు. కొనేవాళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తారు గానీ కొట్లో వెలిగించి చూడరు కదా! పైన పటారం, లోన లొటారం.

నాలుగిళ్ళవతల ఆడపడుచు మంచాన పడి ఉంది. కాలి పుండు మానడం లేదు, గదంతా అదే కంపు. వదినామరదళ్ళిద్దరికీ ఒకరినొకరు ఎత్తిపొడుచుకోనిదే పొద్దు గడవదు. నిన్న మాత్రం ఆడపడుచు ఆవిడ చెయ్యి పట్టుకుని అడిగింది.

"నాతో పనిచేసినవాళ్ళు రేపు చూడ్డానికొస్తారట వదినా. ఈ కంపులో వాళ్ళని కూర్చోబెట్టాలంటే చచ్చేంత సిగ్గుగా ఉంది. నీ నిమ్మ కొవ్వొత్తి ఒకటియ్యవూ?"

వాళ్ళమ్మ పంపితే పొద్దున్నే మేనకోడలు వచ్చింది. ఆవిడ బుట్టలోంచి చేతికందింది తీసిచ్చేసింది. అది పైపూతదని తెలుసు. బుట్టలో ఉన్నవన్నీ అవే. పిల్లను వెనక్కి పిలుద్దామనుకుంది. ఏం చెప్పి పిలవాలి? రోజంతా అచ్చుల్లో మైనం పోస్తూనే ఉంది, చూడ్డానికొచ్చినవాళ్ళు ముక్కులు మూసుకుంటున్నట్టు కళ్ళకు కట్టి రెండుసార్లు ఒలకబోసింది.

సాయంత్రం వెళ్ళి గుమ్మం దగ్గరే నిలబడింది. ఆడపడుచు తల దువ్వించుకుని, దిండుకు ఆనుకుని కూర్చుంది.

"నీ కొవ్వొత్తి ఎంత బాగుందన్నారో వదినా! ఎవరు చేశారని అడిగారు."

"ఊరుకోవే, నన్ను ఆటపట్టించకు."

"నిన్ను పొగడ్డం నాకేమన్నా సరదానా?"

వాళ్ళేదో మర్యాదకి అంటే ఈ పిచ్చిది నమ్మేసిందనుకుంది ఆవిడ. తల కొట్టేసినట్టయింది. నీరసంగా ఉంది, పడుకుంటానని ఆడపడుచు అంటే సరేనని తలెత్తకుండా ఇంటికొచ్చేసింది.

వస్తూనే మైనం కరిగించి, దించి, చల్లారేదాకా దాని ముందే కూర్చుంది. నూనె సీసా సగం వంచేసింది. రేపు నా చేత్తో నేనే వెలిగిస్తాను అనుకుంటూ కలిపింది. అచ్చులో మైనం ఇంకా గట్టిపడనేలేదు, మేనకోడలు గుమ్మంలో ఏడుస్తూ నిలబడింది.

"అత్తా, అమ్మ లేవట్లేదు."

పరుగెత్తింది. ఆడపడుచు నిద్రలోనే పోయింది. ఆవిడ మంచం పక్కన కూలబడి, బల్ల మీది కొవ్వొత్తి వైపు మొదటిసారి చూసింది. వత్తి చుట్టూ మైనంలో పచ్చటి తురుము అంటుకుని ఉంది.

"వెలిగిస్తే ఏ వాసనా రాలేదత్తా," అంది పిల్ల వెక్కుతూ. "అమ్మే నాచేత నిమ్మతొక్క గీకించి అందులో వేయించింది. అత్తకి చెప్పకే, చిన్నబోతుంది అంది."

గట్టిగా ఏడవడానికి కూడా సిగ్గేసింది ఆవిడకి. కొవ్వొత్తి పక్కన, చిన్న పళ్ళెంలో, తొక్కంతా గీకేసిన నిమ్మకాయ ఒకటి తెల్లగా ఎండిపోతోంది.