నాలుగో మూల

ఫోను మోగినప్పుడు మా ఇద్దరి చేతుల్లోనూ ఒకే తడి దుప్పటి ఉంది. ఆ కొస మా ఆయన, ఈ కొస నేను పట్టుకుని చెరో వైపుకి మెలిపెడుతున్నాం. పెళ్లై నాలుగు నెలలే కాబట్టి ఆదివారం పూట దుప్పటి పిండటం కూడా మాకు సరదాగానే ఉంది. నీళ్లు నా పాదాల మీద పడ్డప్పుడల్లా కావాలనే చేశాడని నేనూ, కాదని తనూ. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాను. మా స్కానింగ్ సెంటర్ పెద్ద డాక్టరుగారు.

“నీ మీటల పెట్టె చూశానమ్మా. భలేగా ఉంది. మిగతా టైపిస్టులకి ఇంకో ఆరు కావాలి. మూడు వారాలు నువ్వు టైపింగ్ మానేసి మన సెంటర్ పైగదిలో కూర్చుని అవే చెయ్యి. జీతం మామూలే. ఇష్టమైతే రేపు పదింటికి వచ్చి చెప్పు.”

దుప్పటి నా చేతిలోంచి జారి నేల మీద పడింది. మళ్లీ ఉతకాలి. పడితే పడనీ!

ఆ పెట్టెలో ఉన్నవి తొమ్మిది మీటలు. రోజుకి ఎనభై రిపోర్టుల్లో అవే వాక్యాలు కొట్టి కొట్టి మణికట్టు వాచిపోతుంటే, మీటకో వాక్యం నేర్పించి పెట్టుకుంటే పోలా అనిపించింది. ఒక మీట టక్ మంటే ‘ఊపిరితిత్తుల్లో నీరు లేదు’. ఇంకోటి టక్ మంటే ‘గుండె మామూలు పరిమాణంలో ఉంది’. పాత చెక్క ట్రేని సన్న రంపంతో కోసి చట్రం చేశాను. కంప్యూటరుకి తగిలించే బొటనవేలంత బోర్డూ, మీటలూ తెప్పించుకున్నాను. తీగలు అతకడానికి మాత్రం వరసగా ఒక గంట ఏనాడూ దొరకలేదు. పాలు పొంగేలోపు రెండు, కుక్కర్ మూడో కూతలోపు మూడు. ఒకసారి పాలు నిజంగానే పొంగాయి. “తీగ అతుక్కుందా అమ్మా?” అని అడిగారు అత్తయ్య, స్టవ్వు తుడుస్తున్న నన్ను. అయినా మొదటి మీట టక్ మన్న రోజు నేను వంటింట్లోనే గెంతాను. మామయ్య నాకు ‘మీటలమ్మ’ అని పేరు పెట్టారు. ఆ పేరు నాకు నచ్చింది కూడా.

మధ్యాహ్నం భోజనాల దగ్గర వార్త చెప్పాను. మా బల్ల చిన్నది, చదరంగా ఉంటుంది. ఇటు ఇద్దరం, అటు ఇద్దరు, మూలకొకరం.

“మంచిదే,” అన్నారు మామయ్య. “ఆ మాత్రానికి పైగది దేనికి? ఈ బల్ల మీద చేసుకోవచ్చుగా.”

“నేనూ అదే అనుకుంటున్నా,” అన్నారు అత్తయ్య. “మూడు వారాలు ఇంటిపట్టున ఉంటే పనావిడని మానిపించెయ్యొచ్చు. పనికి పనీ, ఇంటికి ఇల్లూ.”

“నేను కూడా ఇంటికొచ్చి వేడివేడిగా తినొచ్చు,” అన్నాడు తను, నాకేసి కన్ను గీటుతూ. ఇంకో రోజైతే ఆ కన్నుగీటుకి కరిగిపోయేదాన్ని.

“సరే, అందరం అనుకున్నాంగా. డాక్టరుకి ఫోన్ చేసి చెప్పెయ్యరా,” అన్నారు మామయ్య కొడుకుతో.

అందరం! నా నోట్లో ముద్ద ఇంకా అలాగే ఉంది.

సరిగ్గా ఇదే నా పెట్టెలోనూ జరిగింది. పరీక్షించడానికి మూడు మీటలు ఒకేసారి నొక్కితే తెర మీద నాలుగు వాక్యాలు పడ్డాయి. నాలుగోది నేను ముట్టుకోనే లేదు: ‘ఎముక విరగలేదు’. “నీ పెట్టెకి దయ్యం పట్టిందే!” అని తను పడీ పడీ నవ్వాడు. దయ్యం కాదు, నా బద్ధకం. ప్రతి మీటా అడ్డంగా ఒక తీగకీ, నిలువుగా ఒక తీగకీ వేలాడుతుంటుంది. చదరంలో మూడు మూలలు నొక్కితే కరెంటు చుట్టూ తిరిగొచ్చి నాలుగో మూల కూడా నొక్కినట్టే చూపిస్తుంది. వెనక్కి పోకుండా ఆపడానికి ప్రతి మీటకీ బియ్యపు గింజంత డయోడ్ ఉండాలి. తొమ్మిది ఎవరు అతుకుతారులే అని వదిలేసింది నేనే. ఎముక విరిగిన మనిషి కాగితంలో విరగలేదని పడితే? భయమేసి ఆ సాయంత్రమే అన్నీ ఊడదీసి, తొమ్మిదీ అతికాను. ఈ బల్ల దగ్గర చెడ్డవాళ్లు ఎవరూ లేరు. నన్నెవరూ కాదనలేదు. అడగలేదు, అంతే. అటకెక్కిన నా పుస్తకాల పెట్టె, పక్కింటివాళ్లకి ఇచ్చేసిన నా సైకిలు, ప్రతి శనివారం తన మేనత్తగారింటికి ప్రయాణం... అన్నిటికీ నేను సరే అన్నట్టే లెక్క. ఎప్పుడన్నాను?

తను ఫోను చేతిలోకి తీసుకున్నాడు. నేను ముద్ద మింగి, “ఆగు నువ్వు,” అన్నాను. గదిలో ‘నువ్వు’, పెద్దవాళ్ల ముందు ‘మీరు’ అన్నది మా ఒప్పందం. అది నోరు దాటాకే గుర్తొచ్చింది. అత్తయ్య చేతిలో గరిట గిన్నె మీదే ఆగిపోయింది.

“అదేంటమ్మా, ఇప్పుడేగా అందరం అనుకున్నాం?” అన్నారు మామయ్య.

“మీరు ముగ్గురూ అనుకున్నారు మామయ్యా. నేనింకా ఏమీ అనలేదు.”

“అయితే అను మీటలమ్మా,” అన్నారాయన, సగం నవ్వుతూ, సగం బిగుసుకుని.



“పైగదిలోనే చేస్తాను. పనావిడని మానిపించొద్దు అత్తయ్యా. రేపు తొమ్మిదిన్నరకి బయల్దేరతాను, పదింటికి డాక్టరుగారికి సరే అని నేనే చెబుతాను.”