ఏనర్ ఉండాల్సిన చోటు

ఎండిన మొక్కజొన్న చేలో గాలి.

చేను ఎక్కడ అయిపోతుందో అక్కడే మైదానం మొదలు. నెబ్రాస్కాలో ఆ చిన్న కాలేజీకి ప్రహరీ లేదు... చేలే హద్దు. ఆకులు గలగలమన్నప్పుడల్లా వెర్లిన్‌కి వెనక ఎవరో పరుగెత్తుకొస్తున్నట్టు ఉంటుంది.

ఎవరూ రారు.

రెండో ప్రపంచయుద్ధం ముగిసి ఏడాది దాటింది. నాలుగేళ్ళ తర్వాత కాలేజీలో మళ్ళీ ఫుట్‌బాల్ జట్టు కట్టారు — కాలితో తన్నేది కాదు, బంతిని చేత్తో విసిరి, అందుకుని పరుగెత్తే అమెరికా ఆట. సగం మంది సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్ళే. వాళ్ళకి పెళ్ళాలున్నారు, మోకాళ్ళ నొప్పులున్నాయి. అయినా తోలు టోపీలు పెట్టుకుని పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళతో ఢీకొంటారు.

బంతి విసిరేది వెర్లిన్. యుద్ధానికి ముందూ అతనే. అప్పుడు అందుకునేవాడు ఏనర్.

వాళ్ళిద్దరిదీ ఒక పద్ధతి. బంతిని మనిషికి విసరకూడదు — మనిషి చేరబోయే చోటికి విసరాలి. ఏనర్ ఇంకా వెనక్కి తిరిగి చూడకముందే బంతి గాలిలో ఉండేది. ఖాళీ చోటు. అక్కడ ఎవరూ లేరు... అంతలో ఏనర్ ఉండేవాడు. చూసేవాళ్ళకి గారడీ. వెర్లిన్‌కి అది నమ్మకం, అంతే.

ఏనర్ ఇటలీలో ఒక నది ఒడ్డున, సైనికుల సమాధుల్లో ఉండిపోయాడు.

ఇప్పుడు ఆ స్థానంలో పరుగెత్తేది అతని తమ్ముడు హోల్గర్. అన్న కన్నా పొట్టి, అన్న కన్నా మొండి. వేగం ఉంది, కానీ అన్న వేగం కాదు. వెర్లిన్ విసిరిన బంతి అతనికి రెండు బారల ముందు పడుతుంది. ప్రతిసారీ అక్కడే. ఏనర్ ఉండాల్సిన చోట.

సెప్టెంబరంతా ఓడారు. అక్టోబరులోనూ ఓడారు.

"నీ చేతికేం రోగంరా?" అన్నాడు కోచ్ ఇవర్సన్. "వాడు నీ కళ్ళముందే ఉన్నాడు కదా!"

"చేతికేం కాలేదు సార్" అన్నాడు వెర్లిన్. నిజమే. చెయ్యి ఏదీ మరిచిపోలేదు. వచ్చిన చిక్కే అది.

అవతలి జట్లకి పండగే పండగ. "ఏరా బుడ్డోడా, బంతి పక్కూరికి పోయింది, బండెక్కి పో!"

హోల్గర్ లేచి మోకాళ్ళ మట్టి దులుపుకుంటాడు. ఒక్కరోజు మాత్రం, సాధన అయ్యాక, వెర్లిన్ దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"నాకొక్కటి విసురు వెర్లిన్. ఒక్కటే. నాకు."

"నీకే కదరా విసురుతున్నా."

"కాదు. కాదని నీకూ తెలుసు."

కుర్రాడి కళ్ళు అచ్చం అన్నవే. వెర్లిన్ వాటిలోకి చూడలేక నేల చూపులు చూశాడు. సిగ్గేసింది.

ఆ రోజు నుంచీ ప్రయత్నించాడు. తనను తాను తిట్టుకున్నాడు, బతిమాలుకున్నాడు. చెయ్యి వినలేదు. దగ్గరగా విసిరితే — ఆ ముందున్న ఖాళీ ఖాళీయేనని ఒప్పుకున్నట్టు. ఏనర్‌ని మళ్ళీ ఒకసారి పాతిపెట్టినట్టు.

నవంబరు. చివరి ఆట. మంచు ఇంకా పడలేదు, పడబోయే వాసన మాత్రం ఉంది. ఊరంతా కాఫీ ఫ్లాస్కులతో బల్లల మీద చేరింది. ముందు వరసలో ఆ అన్నదమ్ముల అమ్మానాన్నలు.

సమయం అయిపోవస్తోంది. బంతితో ఒక్కసారి చివరి గీత దాటితే గెలుపు.

వెర్లిన్ వెనక్కి అడుగులేశాడు. చెయ్యి లేచింది... విసిరేసింది.

ముందుకే. ఖాళీలోకే. అయ్యో, అనుకున్నాడు.

అక్కడ ఒక మనిషి ఉన్నాడు.

హోల్గర్ ఎలా చేరాడో దేవుడికెరుక. ఒళ్ళంతా గాల్లోకి విసిరేసుకున్నాడు, వేళ్ళ కొసలతో అందుకున్నాడు, దొర్లుకుంటూ గీత దాటాడు.

ఊరు ఊరంతా లేచింది. ఒకటే కేక —

ఏనర్! ఏనర్!

ఎవరు మొదలెట్టారో తెలియదు. ముసలివాళ్ళు ఏడుస్తూ అరిచారు. తల్లి రెండు చేతులూ చాచి అరిచింది. వెర్లిన్ గొంతు మండుతోంది. ఎందుకా అనుకున్నాడు... తనూ అదే పేరు అరుస్తున్నాడు.

హోల్గర్ లేచి నిలబడ్డాడు. గడ్డం గీరుకుపోయి నెత్తురు. బల్లల వైపు చూశాడు. ఆ తర్వాత భుజం మీదుగా వెనక్కి చూశాడు — నిజంగానే ఎవరైనా వచ్చారేమోనని.

గెలిపించినవాడే ప్రార్థనామందిరం గంట కొట్టాలి. అది ఆ కాలేజీ ఆచారం. నాలుగేళ్ళుగా ఆ గంట గెలుపుకి మోగలేదు. హోల్గర్‌ని భుజాల మీద మోసుకొచ్చి మెట్ల మీద దించారు, తాడు చేతికిచ్చారు.

"కొట్టరా!" అన్నాడు ఇవర్సన్, కళ్ళు తుడుచుకుంటూ. "మీ అన్నకి వినబడాలి!"

హోల్గర్ తాడు అందుకున్నాడు. తర్వాత దాన్ని వెర్లిన్ చేతిలో పెట్టాడు.

"బంతి వాడికే కదా వేశావు" అన్నాడు మెల్లిగా. "వాడినే పిలువు."

మెట్లు దిగాడు. జనం దారిచ్చారు.

"హోల్గర్!" తల్లి అప్పుడు పిలిచింది. వెర్లిన్ కూడా పిలిచాడు. ఆ పేరు అతని నోటికి కొత్తగా ఉంది.

కుర్రాడు అడుగు వేగం పెంచనూ లేదు, తగ్గించనూ లేదు.

తాడు వెర్లిన్ చేతిలోనే ఉంది. లాగలేడు... వదల్లేడు.