ఆయుధపూజ నాడు ఆగిన మోటారు

పన్నెండేళ్లుగా నేను పెనుకొండ జూనియర్ కాలేజీలో పిల్లలకు ఒకే నిజం చెప్తున్నాను, ఒక్కరూ నమ్మలేదు. లాబ్ బీరువాలో దూది మీద ఒక తెల్లటి పగడపు ముక్క ఉంటుంది. దాన్ని పైకెత్తి చూపించి, "ఇది రాయి కాదు, చెట్టు కాదు, జంతువు" అంటాను. పిల్లలు రాసుకుంటారు. పరీక్షలో అదే రాస్తారు, మార్కులు తెచ్చుకుంటారు. నమ్మడం మాత్రం నమ్మరు.

గోరంట్ల నుంచి వచ్చే అశ్విని ఒకరోజు లేచి అడిగేసింది. "మేడం, మా నాయన గొర్లు మేపే గుట్ట మీద ఇట్లాంటివి బండ్లకొద్దీ ఉండాయి. అవి గూడా జంతువులేనా?"

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. స్టాఫ్ రూంలోకొచ్చి కూర్చున్నాక ఒళ్లు మండింది. ఆ పిల్ల మీద కాదు, నా మీద. చచ్చిపోయినదాన్ని చేతిలో పట్టుకుని ఇది బతికేది అంటే ఎవరు నమ్ముతారు? నేనైనా బతికున్నదాన్ని ఎప్పుడు చూశాను?

అలా పుట్టింది హిందూపురంలో మా ఇంటి నడవలో ఆ మూడడుగుల గాజు తొట్టి. అది తొంభైతొమ్మిది సంగతి. సముద్రపు నీళ్లు కలుపుకునే ఉప్పు బెంగుళూరు నుంచి తెచ్చుకోవాలి. నీళ్లు బస్టాండు ఎదురుగా బ్యాటరీ అంగడిలో అమ్మే డిస్టిల్డ్ వాటర్. మా ఆయన చంద్రమోహన్ ఆర్టీసీలో కండక్టరు. ఆయనకు ఇదంతా వేళాకోళం.

"మనూరి బోరునీళ్లు పోస్తే సాలదా? సముద్రం కన్నా అయ్యే ఉప్పగుంటాయి గదా" అనేవాడు.

ఆరు నెలలు ఉత్త నీళ్లు, రెండు చేపలు. ఆ తర్వాత బెంగుళూరు చేపల అంగడాయన ఒక పగడపు గుత్తి చేతిలో పెట్టాడు. చిటికెనవేలంత రాతి గొట్టాలు పదకొండు, ఒక్కో గొట్టం కొసన ఒక్కో తల. "మొదటిసారి పెంచేవాళ్లకు ఇదే మంచిది మేడం. రాతి పగడాల్లో ఇది సాధువు. మరీ వెలుతురు అడగదు, వారానికి రెండుసార్లు రొయ్య తునక వేస్తే చాలు. నీళ్లు మాత్రం ఎప్పుడూ కదులుతుండాలి" అన్నాడు.

సాధువే, కాదనను. చాకిరీ మాత్రం నాది. నాలుగున్నరకు లేచి తొట్టి అద్దం తుడవాలి. పగడపు రాతిగూడు పెరగడానికి సున్నపు తేట చుక్కలు చుక్కలుగా పడాలి, దానికి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించే గొట్టం ఒకటి సంపాదించాను. ఆ తర్వాత వంట, క్యారియర్లు, ఏడుగంటల బస్సు, సాయంత్రం దాకా నిలబడి పాఠాలు, మళ్లీ బస్సు, మళ్లీ వంట. ఆదివారమైతే సగం బక్కెట్టు నీళ్లు తీసి కొత్తవి కలిపి పోయాలి. బస్సులో కూర్చునే నిద్రపోయి దారిలో పరిగిలో ఎక్కే మా కాలేజీ పిల్లలు లేపితే దిగిన రోజులున్నాయి. అయినా పొద్దున లైటు వేసినప్పుడు ఆ తలలు ఒక్కొక్కటే నీళ్లు పీల్చుకుని ఉబ్బి, మధ్యలో పచ్చగా మెరుస్తుంటే, ఒక్క నిమిషం నా అలసట నాకు గుర్తుండేది కాదు.

ఇంట్లో నాకు సాయం ఒక్కరే, మా మామ హనుమప్ప. స్పిన్నింగు మిల్లులో ముప్పైనాలుగేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆవిరైపోయిన నీళ్లను గాజు మీద నేను గీసిన గీత దాకా రోజూ చెంబుతో నింపేది ఆయనే. కరెంటు పోతే నీళ్లు తిప్పే మోటారు ఆగిపోతుంది, లోపలివాటికి ఊపిరాడదు. అప్పుడు తొట్టిలో నీళ్లే చెంబుతో ముంచి, జానెడు ఎత్తు నుంచి మళ్లీ తొట్టిలోనే పోస్తుండాలని నేర్పాను. మూడు గంటలు కరెంటు లేకపోయినా ఆయన స్టూలు కదిలేవాడు కాదు.

"చెంబుతో పోస్తుంటే చాలా రమా? ఏం గాదు గదా?" అని ఒకసారి అడిగాడు.

"ఏం కాదు మామా. మీరు పోస్తూ ఉంటే మోటారు ఉన్నట్టే" అన్నాను. ఆ మాట అన్నది నేనే. తర్వాత ఆయన్ని తిట్టిన తిట్లన్నిటికీ ఆ మాటే నాకు ఎదురొచ్చింది.

రెండువేల సంవత్సరం దసరా సెలవులిచ్చే ముందు క్లాసులో చెప్పాను. సెలవులయ్యాక మొదటి ఆదివారం అందరూ మా ఇంటికి రండి, పగడం తినడం చూపిస్తానని. అశ్విని నవ్వు ఆపుకుంటూ తలూపింది. ఆ ఆదివారం కోసం నేను చిన్నపిల్లలా రోజులు లెక్కపెట్టుకున్నాను.

ఏటా ఆయుధపూజకు నేను ఒక్క రాత్రికి ధర్మవరం పోతాను. మా పుట్టింట్లో మగ్గాలకు పూజ చేసి ఆ రోజుకు ఆపేస్తారు. అమ్మ మునియమ్మ నన్ను కూడా ఏ పనీ ముట్టుకోనివ్వదు. సంవత్సరంలో నేను పొద్దెక్కేదాకా పడుకునేది ఆ మర్నాడు ఒక్కటే. పండగ బస్సులని చంద్రమోహన్‌కు డబల్ డ్యూటీ. తొట్టి మామకు అప్పజెప్పి రైలెక్కాను.

దశమి మధ్యాహ్నం తిరిగొచ్చి గేటు తీస్తుండగానే వాసన తగిలింది, ఎండిన చెరువులో బురద వాసన.

మామ తొట్టి ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. గాజుకు పసుపు, కుంకుమబొట్లు. పైన బంతిపూల దండ. మోటారు తిరుగుతోంది. నీళ్లు మాత్రం బియ్యం కడిగినట్టున్నాయి. చేపలు రెండూ పైకి తేలి ఉన్నాయి. పగడం తలల్లో చాలావాటికి ఉబ్బు లేదు, పచ్చదనం లేదు. మెత్తటి ఒళ్లంతా జారిపోయి తెల్లటి ఎముక కనపడుతోంది. లాబ్ బీరువాలో ఉన్న ముక్క లాగే.

"ఏం చేశారు మామా?"

"నిన్న పొద్దున మోటారు ఆపితినమ్మా. తీసి, కడిగి, తుడిసి, బొట్టు పెట్టి పీట మీద పెట్టింటి. ఈ పొద్దు టెంకాయ కొట్టి మళ్లా ఏసినా. ఆయుధపూజ నాడు మిషను తిప్పకూడదు గదా. మిల్లులో అయితే మెయినే ఆపేస్తాంటిమి."

"ఒక రోజంతానా!"

"ఉత్తగా ఇడిసిపెట్టలేదు రమా. చెంబుతో పోస్తానే ఉంటి. పగలంతా పోస్తి, రాత్రి గూడా పోస్తి. యా జామునో కన్ను మూతపడిపాయ. లేసి సూస్తే తెల్లారిండాది."

కోపంతో నాకు కళ్లు కనపడలేదు. "నీకు బుద్ధుందా?" అని అరిచాను. పద్దెనిమిదేళ్ల కాపురంలో మామను ఏకవచనంలో పిలిచింది అదే మొదటిసారి. సంవత్సరం చాకిరీ బూడిదలో పోశావన్నాను. ఆ పిల్లల ముందు నా మొహం ఎట్లా పెట్టుకోనన్నాను. నోటికి ఏదొస్తే అది అన్నాను. ఆయన తల వంచుకుని విన్నాడు. ఊపిరి తీసుకోవడానికి నేను ఆగినప్పుడు చూశాను, ఆయన కుడి మణికట్టు బోదకాలులా వాచి ఉంది. చెంబు ఇంకా ఆ చేతిలోనే ఉంది.

"నాకు ఒక మాట చెప్పి ఉండొచ్చు కదా" అన్నాను, గొంతు తగ్గించి.

"చెప్పింటే నువ్వు ఊరికి పోకుండా ఆగిపోతాంటివి. ఆ మోటారు పగలూ రేయీ తిరుగుతాండాది, నువ్వు గూడా అట్లే తిరుగుతాండావు. ఒగ దినం ఇద్దరూ ఊపిరి పీల్చుకోనీలే, నేను చేస్తా అనుకుంటి."

పెళ్లయిన ఇన్నేళ్లకు నేను అలసిపోయానని ఈ ఇంట్లో ఒక మనిషి గమనించాడు. అది గమనించి నా పగడాన్ని చంపేశాడు. కోపం పోలేదు, నిజం చెప్తున్నాను. కోపం ఉండగానే ఉడుకునీళ్లు కాచి ఉప్పేసి ఆయన చేతికి కాపడం పెట్టాను. ఆ తర్వాత సగానికి పైగా నీళ్లు మార్చాను. ఆ పగలూ, మర్నాడూ ఇద్దరం బక్కెట్లు మోశాం, ఆయన ఎడమచేత్తో.

పదకొండింటిలో మూడు తలలు నిలబడ్డాయి.

సెలవులయ్యాక, చెప్పిన ఆదివారం పిల్లలు తొమ్మిదిమంది వచ్చారు. వాళ్లు రాకముందే నేను గుత్తిని తిప్పి పెట్టాను, బతికిన మూడూ ముందుకు, చచ్చిన ఎనిమిదీ వెనక్కి. సిగ్గుచేటే. ఉన్నంతలో బాగా చూపించుకోవాలనుకున్నాను. తొట్టి లైటు ఆర్పి, రొయ్యరసం ఒక చుక్క నీళ్లలో వేశాను. కాసేపటికి మూడు తలల అంచుల నుంచీ సన్నటి వేళ్లలాంటివి బయటికొచ్చాయి. రొయ్య తునక పెడితే పట్టుకుని మధ్యనున్న నోట్లోకి లాక్కున్నాయి.

పిల్లలు "అబ్బా" అన్నారు. వెంటనే ఒకడు గాజు కిందికి వంగి చూసి, "మేడం, లోపల బ్యాటరీ పెట్టినారా?" అన్నాడు. మళ్లీ నవ్వులు. అశ్విని కూడా నవ్వింది. ఇంత చేసినా ఇంతేనా అనుకుని టీ పెట్టడానికి లేవబోయాను.

వంటింటి గుమ్మం దగ్గరున్న మామ ముందుకొచ్చాడు. అడక్కుండానే చొక్కా చెయ్యి పైకి లాక్కుని, తొట్టిలోకి చెయ్యి పెట్టి, గుత్తిని మెల్లగా తిప్పాడు. ఎనిమిది తెల్లటి గొట్టాలు ముందుకొచ్చాయి.

"ఈ పక్క గూడా సూడండి నాయనా" అన్నాడు. "ఇయ్యి గూడా పోయిన పండగ దాకా అట్లే తింటాండె. నేను సంపితి. మోటారు ఆపి, నిద్దరపోయి సంపితి. మీ మేడం మీతో చెప్పదు."

ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. నవ్వులు ఆగిపోయాయి. బ్యాటరీ అన్న పిల్లవాడు మెల్లగా వెనక్కి జరిగాడు.

అశ్విని ఒక్కతే గాజుకు దగ్గరగా వచ్చింది. గొర్రెలు ఈనడం, చావడం రెండూ చూసిన పిల్ల. ఆ తెల్లటి గొట్టాలను చాలాసేపు చూసింది. తర్వాత మామ ఇంకా వాపు తగ్గని చెయ్యి చూసింది.

"తాతా," అంది నెమ్మదిగా, "చచ్చేటప్పుడు వాటికి నొప్పి పుట్టింటాదా?"

పన్నెండేళ్లలో లాబ్ బీరువాలో ముక్కను చూసి ఆ మాట అడిగినవాళ్లు లేరు. రాయిని గురించి ఎవరూ అలా అడగరు.

మామ జవాబు కోసం నా వైపు చూశాడు. నాకూ తెలియదు. గాజు మీది గీతకు నీళ్లు వేలెడు తగ్గి ఉన్నాయి. నేను చెంబు తీసి అశ్విని చేతికిచ్చాను.